ఉప్పునీటి నుంచి మంచినీటికి మారిన తిలాపియా: ఆ మార్పును ముందు కనిపెట్టేది మెదడా, పీయూష గ్రంథా?

రమ్య, వేళచ్చేరి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను చెన్నైలో జంతుశాస్త్రం ఎం.ఎస్సీ. రెండో సంవత్సరం చదువుతున్నాను. సొంత ఊరు ఒంగోలు. ప్రాజెక్టు పనిలో ఎదురైన ఒక సందేహం గురించి ఎంతమందిని అడిగినా ముక్కలు ముక్కలుగా జవాబులు వచ్చాయి తప్ప అసలు విషయం నా తలకెక్కలేదు. తెలుగులో రాసి అడిగితే కనీసం నా ప్రశ్న ఏమిటో నాకైనా స్పష్టమవుతుందని ఇక్కడ రాస్తున్నాను.

జనవరి చివరి వారంలో ముట్టుకాడు ఉప్పుటేరు దగ్గర విసురు వలతో చేపలు పడుతున్న ఒక పెద్దాయన వద్ద బతికున్న తిలాపియాలు పద్దెనిమిది కొన్నాం. రిఫ్రాక్టోమీటర్‌తో చూస్తే అక్కడి నీటి లవణీయత 22 పీపీటీ (వెయ్యి భాగాల నీటిలో 22 భాగాల ఉప్పు) ఉంది, అంటే సముద్రపు నీటి ఉప్పులో దాదాపు మూడింట రెండు వంతులు. ప్రయోగశాలకు తెచ్చాక తొమ్మిదింటిని అదే నీటిలో ఉంచాం. మిగిలిన తొమ్మిదింటిని, రెండు రోజులు నిలవ ఉంచి క్లోరిన్ పోగొట్టిన కొళాయి నీటిలో, మధ్యలో ఏ మెట్టూ లేకుండా నేరుగా వదిలాం. తొమ్మిదీ బతికాయి, మూడో రోజుకు మేత కూడా తిన్నాయి.

పది రోజుల తర్వాత, అలా మంచినీటికి అలవాటుపడిన వాటిలో ఐదింటిని తీసి బీసెంట్ నగర్ తీరం నుంచి తెచ్చిన సముద్రపు నీటిలో అంతే నేరుగా వేశాం. సాయంత్రం ఐదు గంటలకు వేస్తే మర్నాడు ఉదయానికి నాలుగు చచ్చిపోయి ఉన్నాయి. ఐదోది పక్కకు ఒరిగి, కళ్ళు లోపలికి పోయి, ఒళ్ళు నల్లబడి, మొప్ప మూతలు మాత్రం ఆడిస్తూ ఉంది. పెరిగిందే ఉప్పునీటిలో అయిన చేప పది రోజుల్లో ఉప్పును తట్టుకోలేని స్థితికి రావడం ఏమిటో నాకు అర్థం కాలేదు.

ఈ ప్రయోగం మీద జరిగిన మౌఖిక పరీక్షలో, మంచినీటిలో చేపను కాపాడేది మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథి నుంచి వచ్చే ప్రొలాక్టిన్ అనే హార్మోను అని చెప్పాను. అంతవరకు బాగానే ఉంది. "నీళ్ళు మారాయని ఆ గ్రంథికి ఎవరు చెబుతారు?" అని పరీక్షకులు అడిగితే, మెదడులోని హైపోథలామస్ అనే భాగం గుర్తించి ఆజ్ఞ పంపుతుందని బదులిచ్చాను. "మనలో ఆ ఆజ్ఞలను మోసుకెళ్ళే రక్తనాళాల ఏర్పాటు ఈ చేపల్లో లేదు కదా, మరి ఎలా పంపుతుంది?" అన్నారాయన. నా దగ్గర జవాబు లేదు. పీయూష గ్రంథి మెదడు చెప్పినట్టు నడుచుకునే గ్రంథా, లేక ఈ విషయంలో తనంతట తాను పని చేస్తుందా? దయచేసి వివరంగా చెప్పగలరు.

విశ్రాంత అధ్యాపకుడు, తిరువాన్మియూరు

అమ్మా రమ్యా, మీ పరీక్షకులు అడిగింది మంచి ప్రశ్న. మీరు చెప్పిన జవాబు మనిషి శరీరధర్మశాస్త్ర పుస్తకంలోది. అందులో తప్పు లేదు కానీ చేప దగ్గరికి వచ్చేసరికి దానికి కొంత సవరణ కావాలి. మనలో హైపోథలామస్ నుంచి వచ్చే రసాయనాలు సన్నని రక్తనాళాల గుండా ప్రయాణించి పీయూష గ్రంథి ముందు భాగానికి చేరుతాయి. ఎముక చేపల్లో అధికభాగానికి ఆ దారి దాదాపుగా లేదు. దానికి బదులు హైపోథలామస్ నుంచి నాడీ తంతువులే గ్రంథిలోకి చొచ్చుకువచ్చి, కణాల పక్కనే తమ రసాయనాలను వదులుతాయి. కాబట్టి మెదడు మాట గ్రంథికి చేరదని కాదు, చేరే దారి వేరు. అయితే మీరు అడిగిన సందర్భంలో అంతకంటే ఆసక్తికరమైన సంగతి మరొకటి ఉంది.

చచ్చిపోయిన ఆ నాలుగు చేపలను పారేయకుండా ఉంటే ఒకదాని తల తెరిచి చూడండి. మెదడును ముందు నుంచి మెల్లగా పైకెత్తితే, దాని అడుగున పుర్రె ఎముకలోని చిన్న గుంటలో, ఆవగింజంత తెల్లటి ముద్ద కనిపిస్తుంది; కాస్త తొందరపడితే మెదడుతో పాటు తెగి ఎక్కడికో పోతుంది. మా రోజుల్లో దాన్ని చెడగొట్టకుండా తీయడం నేర్చుకోవడానికే ఒక నెల పట్టేది. సూక్ష్మదర్శిని కింద చూస్తే ఆ ముద్దలో కణాలు మనలోలా కలగాపులగంగా ఉండవు, పేటలు విడదీసిన ఊరిలా ఉంటాయి. అన్నిటికంటే ముందున్న భాగంలో ప్రొలాక్టిన్ కణాలు, వాటిని ఆనుకుని, కార్టిసాల్ అనే మరో హార్మోనును విడుదల చేయించే ఏసీటీహెచ్ కణాలు, నడుమ పెరుగుదల హార్మోను, సంతానోత్పత్తి హార్మోన్ల కణాలు, వెనక రంగును మార్చే ఎంఎస్‌హెచ్ కణాలు ఉంటాయి. మొజాంబిక్ తిలాపియాలో ఈ ముందు భాగాన్ని కత్తిరించి తీస్తే చేతికి వచ్చేది దాదాపు మొత్తం ప్రొలాక్టిన్ కణాలే. హార్మోన్ల శాస్త్రజ్ఞులకు ఈ చేప అంత ప్రీతిపాత్రం కావడానికి అదే కారణం. 1952లో మన దేశానికి తెచ్చిన తర్వాత ప్రతి చెరువులోకీ చొరబడిందని మనం విసుక్కునే ఈ చేపకు ప్రయోగశాలల్లో ఉన్న గౌరవం అలాంటిది.

ప్రొలాక్టిన్ అనే పేరు పాలను బట్టి వచ్చింది. పాలివ్వని చేపలో దానికి పనేమిటన్న ప్రశ్నకు 1959లో గ్రేస్ పిక్‌ఫోర్డ్, ఫిలిప్స్ అనే ఇద్దరు స్పష్టమైన జవాబిచ్చారు. వారు తీసుకున్నది ఉత్తర అమెరికా అట్లాంటిక్ తీరపు ఉప్పుటేళ్ళలో ఉండే కిల్లిఫిష్ అనే చిన్న చేప. దాని పీయూష గ్రంథిని తొలగించి సముద్రపు నీటిలో ఉంచితే బతుకుతుంది. మంచినీటిలోకి మారిస్తే కొద్ది రోజుల్లో చచ్చిపోతుంది. గ్రంథి లేని చేపలకు రకరకాల హార్మోన్లు ఎక్కించి చూస్తే, మంచినీటిలో వాటి ప్రాణం నిలిపింది ప్రొలాక్టిన్ ఒక్కటే. 1967లో ధర్మాంబ, హోవర్డ్ బెర్న్ తదితరులు ఇదే సంగతిని మీ తిలాపియాలోనే చూపించారు.

ఎందుకు చచ్చిపోతుందో మీకు తెలిసే ఉంటుంది, అయినా ఒక్కమాట. చేప రక్తపు సాంద్రత, అంటే అందులో కరిగి ఉన్న ఉప్పు వంటి పదార్థాల మోతాదు, 300 మిల్లీఆస్మోళ్ళకు అటూ ఇటూ ఉంటుంది. సముద్రపు నీటిది వెయ్యి, మంచినీటిది పదికి లోపు. మంచినీటిలో ఉన్న చేప ఒంట్లోకి మొప్పల గుండా నీళ్ళు వచ్చి పడుతూనే ఉంటాయి, ఉప్పు కారిపోతూనే ఉంటుంది. ప్రొలాక్టిన్ వచ్చి మొప్పల పొరను బిగిస్తుంది, నీటిలో ఉన్న కొద్దిపాటి సోడియం, క్లోరైడ్‌లను లోపలికి లాక్కునే కణాలను పెంచుతుంది, మూత్రంతో పోబోయే ఉప్పును మూత్రాశయంలోనే వెనక్కి పట్టిస్తుంది.

ఇక అసలు ప్రశ్న. 1968లో సేజ్ అనే శాస్త్రజ్ఞుడు అక్వేరియంలలో పెంచే స్వోర్డ్‌టెయిల్ జాతి చేపల పీయూష గ్రంథిని బయటికి తీసి, గాజు పాత్రలో పోషక ద్రవంలో ఉంచి, ఆ ద్రవపు సాంద్రతను మార్చి చూశాడు. 1973లో మోలీ చేప గ్రంథితో ఇంగిల్‌టన్, బేకర్, బాల్ కూడా అలాంటి ప్రయోగమే చేశారు. ఈ రెండు చేపలూ కొళత్తూరు దుకాణాల్లో ప్లాస్టిక్ సంచుల్లో వేలాడుతూ ఉంటాయి, మీరు చూసే ఉంటారు. పాత్రలో మెదడు లేదు, నాడి లేదు, రక్తం లేదు. అయినా ద్రవం పలచబడితే ప్రొలాక్టిన్ కణాలు చురుకయ్యాయి, చిక్కబడితే మందగించాయి. ఎవరూ చెప్పకుండానే ఆ కణానికి సంగతి తెలిసిందన్నమాట.

ఎలా తెలిసిందో ఆ తర్వాతి దశాబ్దాల్లో బెర్న్ బృందం, హవాయిలో గోర్డన్ గ్రౌ, ఆండ్రె సీల్ తదితరులు విడదీసి చూపారు. చుట్టూ ఉన్న ద్రవం సాంద్రత 350 నుంచి 300కు పడిపోతే, రాత్రి నానబెట్టిన శనగలా ప్రొలాక్టిన్ కణం నీళ్ళు పీల్చుకుని ఉబ్బుతుంది. ఉబ్బినప్పుడు దాని పైపొర సాగుతుంది. సాగినప్పుడు తెరుచుకునే ద్వారాల గుండా బయటి కాల్షియం లోపలికి దూసుకొస్తుంది. ఆ కాల్షియమే లోపల సిద్ధంగా ఉన్న హార్మోను రేణువులను బయటికి వదిలిస్తుంది. బయటి ద్రవంలో కాల్షియం లేకుండా చేస్తే కణం ఉబ్బినా హార్మోను రాదు. చేపను మంచినీటికి తగినట్టు మార్చే హార్మోనును తయారుచేసే కణమే, మంచినీటి వల్ల వచ్చే ఉబ్బును కొలిచే పరికరం కూడా. నిర్ణయం ఆ కణానిదే అని నేను ధైర్యంగా అంటాను.

వెంకటేశ్వర్లు, మరక్కాణం దారి

మాస్టారికి నమస్కారం. నేను శాస్త్రం చదువుకున్నవాణ్ణి కాను. కైకలూరు నుంచి వచ్చి పదహారేళ్ళుగా ఈస్ట్ కోస్ట్ రోడ్డు వెంట హ్యాచరీల్లో పని చేస్తున్నాను. రమ్య గారు చూసింది మేము ప్రతి సీజన్‌లోనూ చూసేదే కనుక రెండు మాటలు రాస్తున్నాను.

పండుగప్ప సముద్రంలో గుడ్లు పెడుతుంది. పిల్లలు ఉప్పుటేళ్ళలోకి, మంచినీటిలోకి ఎక్కి పెరుగుతాయి. ఇక్కడి కేంద్ర ఉప్పునీటి చేపల పరిశోధన సంస్థ 1997లో దీనికి బందిఖానాలో పిల్లలు తీయించడం సాధించాక హ్యాచరీ సీడు (చేపపిల్లలు) రైతులకు అందుబాటులోకి వచ్చింది. మా తొట్టెల్లో సెలినిటీ, అంటే నీటి లవణీయత, 30 పీపీటీ ఉంటుంది; కొల్లేరు వైపు రైతులకు సున్నా కావాలి. రోజుకు ఐదు చొప్పున తగ్గించుకుంటూ వస్తాం. పది దాటి కిందికి వెళ్ళేటప్పుడు మాత్రం ఇంకా మెల్లగా, పిల్లలు మేత తింటున్నాయా లేదా చూసుకుంటూ దించుతాం.

చాలా ఏళ్ళ కిందట నేను పనిచేసిన ఒక చోట, లారీ వచ్చి నిలబడిందన్న తొందరలో, పొద్దున్నే పిల్లలను జల్లెడ పట్టి సైజుల వారీగా వేరుచేసి, ఆ మధ్యాహ్నమే సెలినిటీని పన్నెండు నుంచి సున్నాకు దించేశారు. సాయంత్రానికి బాగానే ఈదాయి. లోడు వెళ్ళింది. రెండో రోజు చెరువు గట్టు వెంట తేలిపోయాయని రైతు ఫోన్ చేశాడు. అదే తొట్టెలో జల్లెడ పట్టకుండా వదిలేసిన పిల్లలను కూడా మేము అదే రోజు సున్నాకు దించాం, అవి మాత్రం బతికాయి. నీళ్ళు ఒకటే, చేప ఒకటే. మాస్టారు చెప్పిన ప్రకారం ఆ ప్రొలాక్టిన్ కణం రెంటిలోనూ ఒకేలా ఉబ్బాలి కదా, మరి తేడా ఎందుకు వచ్చిందన్నది నా సందేహం. చేపను మంచినీటిలో దూరం పంపేటప్పుడు సంచిలో గుప్పెడు కల్లుప్పు వేయమని పాతవాళ్ళు చెబుతారు. వేస్తే చావులు తగ్గుతాయి. ఎందుకో ఎవరూ చెప్పలేదు.

ఇంకో మాట. పులస కథ కూడా ఇదే కదా మాస్టారూ? సముద్రంలో ఉన్నప్పుడు విలస, వరదకు గోదావరిలోకి ఎదురెక్కితే పులస. పుస్తెలమ్మి అయినా తినాలంటారు. ఇక్కడ కాశిమేడులో సముద్రపు విలసను పులస అని చెప్పి మన తెలుగువాళ్ళకే అంటగడుతుంటారు, అది వేరే సంగతి.

రమ్య, వేళచ్చేరి

మాస్టారూ, మీ జవాబు రెండుసార్లు చదివాను. శనగ ఉదాహరణతో ఆ కణం నా కళ్ళకు కనిపించింది. వెంకటేశ్వర్లు గారికీ కృతజ్ఞతలు.

అయితే ఇప్పుడు నాకు మరో రెండు సందేహాలు కలిగాయి. మొదటిది, నా చేపలు సముద్రపు నీటిలో ఎందుకు చచ్చిపోయాయి? ప్రొలాక్టిన్ కణం ముడుచుకుపోయి హార్మోను ఆపేస్తే చాలు కదా, ఆపడానికి అంత కష్టమేమిటి? రెండవది, కణమే అన్నీ చూసుకునేటట్టయితే, మెదడు నుంచి అన్ని నాడీ తంతువులు ఆ గ్రంథిలోకి వచ్చి చేసే పనేమిటి?

సుధ, తరమణి

రమ్య గారూ, నేను చేపల హార్మోన్ల మీద పరిశోధన చేస్తున్న విద్యార్థిని. మాస్టారు గారు చెప్పిన దానితో నాకు పేచీ లేదు, ఒక్క "నిర్ణయం ఆ కణానిదే" అన్న చివరి మాటతో తప్ప. ఆ కణం ఎన్నడూ చెరువు నీటిని తాకదు. అది పుర్రె లోపల, రక్తంలో మునిగి ఉంటుంది. కాబట్టి అది కొలిచేది బయటి నీటిని కాదు, చేప రక్తాన్ని. మీ తిలాపియాను 22 పీపీటీ నుంచి మంచినీటిలో వేసినప్పుడు మొదట మొప్పల గుండా ఉప్పు కారిపోయి రక్తం కొద్దిగా పలచబడాలి, అప్పుడే కణం ఉబ్బుతుంది. బయట ఎంత పెద్ద మార్పు వచ్చినా, రక్తం చలించనంతకాలం ఈ కణానికి ఆ కబురు అందదు. ఉబ్బును కొలవడం దాని సొంత పనే, కానీ ఆ ఉబ్బు ఎప్పుడు, ఎంత వస్తుందన్నది మొప్పలు, మూత్రపిండాలు, చేప నీళ్ళు తాగడం, అన్నీ కలిసి తేల్చే విషయం.

మొదటి సందేహానికి జవాబు ఇక్కడే ఉంది. మంచినీటిలోకి వెళ్ళే చేపకు కావలసిన మొదటి సాయం కణాల్లో తయారై నిలవ ఉన్న హార్మోనును వదలడం. దానికి నిమిషాలు చాలు, కొత్త హార్మోను తయారీ ఆ తర్వాత గంటల్లో మొదలవుతుంది. సముద్రం వైపు వెళ్ళే చేపకు కావలసినది అలా కాదు. అది సముద్రపు నీటిని తాగాలి, తాగిన నీటిని పేగుల్లో పీల్చుకోవాలి, దానితో వచ్చిన సోడియం, క్లోరైడ్‌లను మొప్పల గుండా బయటికి తోసేయాలి. ఈ తోసే పనిని మొప్పల్లోని క్లోరైడ్ కణాలు చేస్తాయి. కీస్, విల్మర్ 1932లో మలుగుచేప జాతి ఈల్ మొప్పల్లో మొదట వీటిని గుర్తించారు. మంచినీటి చేపలో ఈ కణాలు ఉప్పును లోపలికి లాగే పద్ధతిలో అమర్చి ఉంటాయి. వాటిని బయటికి తోసే పద్ధతికి మార్చాలంటే పాత కణాలు రూపు మారాలి, కొత్తవి పుట్టాలి, వాటి పొరల్లో కొత్త రవాణా ప్రోటీన్లు కుదురుకోవాలి. ఇది ఒక రాత్రిలో పూర్తయ్యే నిర్మాణం కాదు. ఈ నిర్మాణాన్ని ముందుకు నడిపే హార్మోను కార్టిసాల్. ట్రౌట్, సాల్మన్ వంటి చేపల్లో పెరుగుదల హార్మోను కూడా తోడ్పడుతుంది. బ్రౌన్ ట్రౌట్‌కు అది ఎక్కిస్తే ఉప్పును ఎక్కువగా ఓర్చుకుంటుందని స్మిత్ 1956లోనే చూపాడు. ఈ రెండింటినీ అదుపు చేసేది కూడా ఆ పీయూష గ్రంథే, కాకపోతే అందులోని వేరే పేటలు.

మంచినీటి మొజాంబిక్ తిలాపియాను నేరుగా పూర్తి సముద్రపు నీటిలో వేస్తే గంటల్లో చనిపోతుందన్నది చాలా ప్రయోగశాలల అనుభవం. మూడింట రెండు వంతుల సముద్రపు నీటిలో ఒకటి రెండు రోజులు ఉంచి, ఆ తర్వాత పూర్తి సముద్రపు నీటిలోకి మారిస్తే బతుకుతుంది. మీ చేప కళ్ళు లోపలికి పోవడం ఒంట్లోని నీళ్ళు ఆరిపోయాయనడానికి గుర్తు. పది రోజుల్లో ఉప్పును మరిచిపోయిందన్నారు కదా, మరిచిపోయింది మొప్పలే. ఇందులో ప్రొలాక్టిన్ పాత్ర కూడా కొంత ఉంది; అది ఎక్కువగా ఉంటే సముద్రపు రకం క్లోరైడ్ కణాలను అణచిపెడుతుంది. ఆ కణం ముడుచుకుని హార్మోను ఆపిన మాట నిజమే. ఆపాక ఖాళీ అయిన చోట కొత్తది కట్టడానికి సమయం చాలలేదు.

వెంకటేశ్వర్లు గారూ, మీ పండుగప్ప పిల్లల సంగతి ఈ మొత్తం చర్చలో నాకు అన్నిటికంటే నచ్చింది. జల్లెడ పట్టినప్పుడు చేప బెదిరి, అడ్రినలిన్, కార్టిసాల్ ఒక్కసారిగా పెరుగుతాయి. అడ్రినలిన్ మొప్పలకు రక్తప్రవాహాన్ని పెంచి, పొరను వదులు చేస్తుంది. ఆక్సిజన్ కోసం పెనుగులాడే చేపకు అది మేలే, కానీ అదే పొర గుండా మంచినీటిలో ఉప్పు మరింత వేగంతో కారిపోతుంది. ప్రొలాక్టిన్ ఒక వైపు బిగిస్తుంటే బెదురు మరో వైపు విప్పేస్తోందన్నమాట. వేరే ఏ కష్టమూ లేని పిల్లలు ఆ పోటీలో నెగ్గాయి, జల్లెడ పట్టినవి ఒక రోజంతా కొద్దికొద్దిగా ఉప్పు పోగొట్టుకుని రెండో రోజు ఓడిపోయాయి. సంచిలో కల్లుప్పు వేస్తే బయటికీ లోపలికీ తేడా తగ్గి, కారిపోయే ఉప్పు తగ్గుతుంది. చేప రక్తపు సాంద్రతకు సమానమైన నీరు సుమారు 10 నుంచి 12 పీపీటీ. పది దాటి కిందికి దించేటప్పుడు మీరు మెల్లగా వెళ్ళడంలో ఉన్న శాస్త్రం కూడా అదే. అంతవరకు చేపకు ఉప్పు లోపలికి వస్తుంటే, అక్కడి నుంచి అది బయటికి పోవడం మొదలవుతుంది.

ఇక మెదడు పని. పాత్రలోని ప్రయోగం కణానికి ఏమి చేతనవునో చెబుతుంది కానీ ఒంట్లో ఉన్నప్పుడు దాన్ని ఎవరెవరు పట్టి ఉంచుతున్నారో చెప్పదు. తిలాపియా ప్రొలాక్టిన్ కణాలను మెదడు నుంచి వచ్చే డోపమిన్ అనే నాడీ రసాయనం అణచిపెడుతుంది, మరికొన్ని నాడీ రసాయనాలు ప్రేరేపిస్తాయి. హవాయి బృందమే తర్వాతి కాలంలో, ప్రతి ఆరు గంటలకూ మంచినీరు, సముద్రపు నీరు మార్చి మార్చి పెట్టే తొట్టెల్లో తిలాపియాలను పెంచింది. ఉప్పుటేరు మొగలో పోటుపాట్లకు లోనయ్యే చేప బతుకు అదే కదా. అలా పెరిగినవి పూర్తి సముద్రపు నీటిని ఏ మెట్టూ లేకుండా తట్టుకున్నాయి. మీ ముట్టుకాడు చేపలు కొన్ని అలాంటివే అయి ఉండవచ్చు, కానీ పది రోజులు నిలకడైన మంచినీటిలో ఉంచి ఆ అలవాటును మీరే పోగొట్టారు.

కన్ను, మెదడు ముందు నడిచి పీయూష గ్రంథి వెనక నడిచే సందర్భాలు కూడా ఉన్నాయి. తిలాపియాలను తెల్లటి టబ్బులో ఉంచితే పాలిపోతాయి, నల్లటి టబ్బులో ఉంచితే ముదురుతాయి. ఆ రంగు మార్పులో కన్ను చూసిన దాన్ని హైపోథలామస్ నాడులు మోసుకొచ్చి, పీయూష గ్రంథి వెనక భాగంలో మెలనిన్‌ను దగ్గరగా పోగుచేసే ఒక హార్మోనును వదులుతాయి. దీన్ని 1983లో చమ్ సాల్మన్ పీయూష గ్రంథుల నుంచి కవౌచి బృందం వేరుచేసింది. పదిహేడు అమైనో ఆమ్లాల చిన్న ప్రోటీన్ ముక్క అది. గుడ్లు పెట్టడం సంగతి మన హ్యాచరీలన్నిటికీ తెలిసిందే. 1957 జులై 10న హీరాలాల్ చౌధురి ఒడిశాలో పీయూష గ్రంథి రసం ఎక్కించి కార్ప్ చేపలతో గుడ్లు పెట్టించారు. జాతీయ చేపల రైతుల దినం ఆ రోజునే జరుపుకుంటాం. కార్ప్ చేపల్లో గుడ్లు విడుదల చేయించే హార్మోనుకు డోపమిన్ బిరడా వేసి ఉంచుతుంది కనుకనే ఇప్పుడు వాడే ఓవాప్రిమ్ ఇంజక్షన్‌లో ప్రేరేపించే మందుతో పాటు ఆ బిరడా తీసే డోంపెరిడోన్ కూడా కలుపుతారు.

మాస్టారు గారి పక్షాన ఒక తాజా సంగతి చెప్పి ముగిస్తాను. 2016లో జీబ్రాఫిష్‌లో ప్రొలాక్టిన్ జన్యువునే తీసేసి చూశారు. పిల్లలు మంచినీటిలో లార్వా దశలోనే చనిపోయాయి, కొద్దిగా ఉప్పు కలిపిన నీటిలో బతికి పెద్దవయ్యాయి. పిక్‌ఫోర్డ్ కత్తితో చేసినదాన్నే యాభై ఏడేళ్ళ తర్వాత జన్యువుతో మళ్ళీ చేసి చూపినట్టయింది.

విశ్రాంత అధ్యాపకుడు, తిరువాన్మియూరు

సుధ గారి సవరణను ఒప్పుకుంటున్నాను. కణం తాకేది రక్తాన్నే అన్న మాట నేను స్పష్టంగా రాయవలసింది. పాఠం చెప్పేటప్పుడు ఒక పాత్రను ముందుకు తెచ్చి మిగతా పాత్రలను మరుగున పెట్టడం నాకు పాత అలవాటు.

రమ్య గారు మళ్ళీ ప్రయోగం చేసేటట్టయితే చేప పోయాక కళ్ళు చూసి ఊహించడం కంటే, మార్చిన తర్వాత ఆరు గంటలకు, ఇరవై నాలుగు గంటలకు తోక దగ్గరి రక్తనాళం నుంచి కొద్దిగా రక్తం తీసి సాంద్రత కొలవడం మేలు. మీ శాఖలో ఆస్మోమీటర్ లేకపోతే వైద్య ప్రయోగశాలల్లో ఉంటుంది. పులస సంగతి అడిగిన వెంకటేశ్వర్లు గారికి: సముద్రం వదిలి నదిలోకి ఎక్కే చేప దేనికైనా మొప్పలు దిశ మార్చుకోక తప్పదు, పులస అందుకు మినహాయింపు కాదు. రుచి సంగతి మాత్రం హార్మోన్ల శాస్త్రంలోకి రాదు.

రమ్య, వేళచ్చేరి

అందరికీ ధన్యవాదాలు. మా గైడు గారితో మాట్లాడాను. ఈసారి మూడు గుంపులు పెడుతున్నాం: మంచినీటి నుంచి నేరుగా సముద్రపు నీటిలోకి ఒకటి, మధ్యలో రెండు రోజులు 22 పీపీటీలో ఆగి వెళ్ళేది ఒకటి, వలతో పట్టి ఐదు నిమిషాలు గాలిలో ఉంచి మంచినీటిలోకి వదిలేది ఒకటి. మూడోది వెంకటేశ్వర్లు గారి జల్లెడ కథ నుంచి వచ్చింది. నేరుగా వేసే గుంపులో చేపలు తక్కువ పెట్టి, ఒరగడం మొదలుపెట్టగానే తీసేయాలని నిర్ణయించుకున్నాం. మొదటిసారి లాగా రాత్రంతా వదిలేయడం నాకే బాధగా అనిపించింది. పీయూష గ్రంథిని తీసే పని ఈ వారం మార్కెట్‌లో కొన్న చచ్చిన చేపల మీద సాధన చేస్తున్నాను. ఏడు తలల్లో రెండింటిలోనే చెడకుండా వచ్చింది.

వెంకటేశ్వర్లు, మరక్కాణం దారి

ఒక్క మాట అమ్మా. సముద్రపు నీళ్ళు బీసెంట్ నగర్ తీరం నుంచే మళ్ళీ తెచ్చుకునేటట్టయితే, అడయారు మొగ అక్కడికి దగ్గరే. వాన పడిన తర్వాత మొగ తెరిచి ఉంటే నది నీళ్ళు తీరం వెంట కలుస్తాయి, మురుగు కూడా వస్తుంది. ఇంకాస్త దక్షిణంగా వెళ్ళి, ఇసుక లేవని చోట నడుము లోతు దాకా దిగి బకెట్ ముంచండి. గుడ్డతో వడకట్టి, రాత్రంతా ఎయిర్ స్టోన్ పెట్టి ఉంచి, పొద్దున రిఫ్రాక్టోమీటర్‌ను ముందు మంచినీటితో సున్నాకు సరిచేసుకుని అప్పుడు చూడండి. మా తొట్టెల దగ్గర సగం గొడవలు ఆ సున్నా సరిచేయకపోవడం వల్లే వచ్చాయి.